లైసెన్స్ పరీక్షను క్లెయిమ్ రోజు వైపు నుంచి చదవడం

జీవిత బీమానూ ఆరోగ్య బీమానూ అమ్మడానికి అనుమతించే ఏజెంట్ లైసెన్స్ నాకు ఈమధ్యనే చేతికొచ్చింది. ఇదే వృత్తిలోకి రావాలనుకుంటున్నవారు కొందరు పరీక్ష ఎంత కష్టంగా ఉంటుందని, ఏ ప్రశ్నలు చేసుకుంటే సులువుగా గట్టెక్కవచ్చని అడుగుతున్నారు. గట్టెక్కడమే లక్ష్యమైతే నేను చెప్పగలిగింది పెద్దగా లేదు. నమూనా ప్రశ్నలను ఓపికగా పదేపదే చేసినవారు సాధారణంగా పాసవుతారు. అయితే ఈ పాఠాలను మరో విధంగా చదవవచ్చని, అలాగే చదవాలని నా గట్టి నమ్మకం. పుస్తకంలో వచ్చే ప్రతి నిబంధన దగ్గరా ఆగి, క్లెయిమ్ వచ్చిన రోజున ఈ వాక్యం ఎవరికి డబ్బు ఇప్పిస్తుంది, ఎవరికి రాకుండా ఆపుతుంది అని అడుగుతూ పోతే, పొడిగా కనిపించే అధ్యాయాలు కూడా ఒక్కసారిగా అర్థవంతమవుతాయి.

ముందుగా లైసెన్స్ అనే వ్యవస్థ గురించి కొంత చెప్పాలి. బీమా ఏజెంట్‌కు అనుమతి ఎవరిస్తారన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ఆ అధికారం ఒక్కో రాష్ట్రానిది. ఒక రాష్ట్రంలో లైసెన్స్ ఉన్నవారు మరో రాష్ట్రంలో నివసించే వ్యక్తికి పాలసీ అమ్మాలంటే అక్కడి అనుమతి కూడా తీసుకోవాలి. ఈ ఏర్పాటు వెనుక ఉన్న చరిత్రలో ముఖ్యపాత్ర ఒక ఏజెంట్‌దే. శామ్యూల్ పాల్ అనే వ్యక్తి న్యూయార్క్‌కు చెందిన అగ్నిప్రమాద బీమా కంపెనీల తరఫున వర్జీనియాలో పాలసీలు అమ్మడానికి పూనుకున్నాడు. ఆ కంపెనీలు రాష్ట్రం కోరిన డిపాజిట్ కట్టకపోవడంతో అతనికి లైసెన్స్ దొరకలేదు, అయినా అమ్మినందుకు జరిమానా పడింది. ఆ వ్యాజ్యంలో బీమా పాలసీ అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదని 1869లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1944లో కోర్టు తన అభిప్రాయాన్ని మార్చుకున్నా, మరుసటి ఏడాదే వచ్చిన మెక్‌కారన్-ఫెర్గూసన్ చట్టం నియంత్రణను తిరిగి రాష్ట్రాల చేతుల్లోనే ఉంచింది. భారతదేశంలో పద్ధతి వేరు. అక్కడ 2015లో బీమా చట్టాలకు జరిగిన సవరణ తరువాత వ్యక్తిగత ఏజెంట్‌ను నియమించే బాధ్యత కంపెనీలకు చేరింది. నియంత్రణ సంస్థ అయిన ఐఆర్‌డిఎఐ నిబంధనలు నిర్ణయిస్తుంది, నియామకానికి ముందు పరీక్ష మాత్రం తప్పదు.

ఏ దేశంలోనైనా మెట్లు దాదాపు ఒకేలా ఉంటాయి: కొంత శిక్షణ, పర్యవేక్షణలో రాసే బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్ష, నేరచరిత్ర, ఆర్థిక వ్యవహారాల గురించి ప్రకటన, ఆపైన దరఖాస్తు. కొత్తవారు గమనించవలసిన విషయం ఒకటుంది. లైసెన్స్, కంపెనీ నియామకం రెండూ వేరుగా ఉండే చోట్ల లైసెన్స్ వచ్చినంత మాత్రాన ఏ కంపెనీ పాలసీనైనా అమ్మే హక్కు రాదు. ఆ కంపెనీ తన ప్రతినిధిగా నియమించుకున్న తరువాతనే ఆ పేరుతో మాట్లాడవచ్చు. చట్టం దృష్టిలో ఏజెంట్ కంపెనీకి ప్రతినిధి. అతనికి తెలిసిన విషయం సాధారణంగా కంపెనీకి తెలిసినట్టే లెక్క. ఈ ఒక్క సూత్రం ఎంత బరువైనదో కింద, బీమా కోరుతూ నింపే ప్రతిపాదన పత్రం గురించి చెప్పేటప్పుడు తేలుతుంది.

చాలామంది పాలసీల రకాలతో చదువు మొదలుపెడతారు. నేను ఒప్పంద సూత్రాలతో మొదలుపెట్టాను, అదే మేలని ఇప్పటికీ అనుకుంటున్నాను. మొదటిది బీమా చేయడానికి అర్హమైన సంబంధం. ఎవరి ప్రాణం మీద పాలసీ తీసుకుంటున్నామో ఆ వ్యక్తి మరణిస్తే మనకు నిజమైన నష్టం ఉండాలన్నది దీని సారం. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఈ నియమం లేక, మంచం పట్టిన ప్రముఖుల ప్రాణాల మీద ఏ సంబంధమూ లేనివారు పాలసీలు తీసుకుని పందెం కాసేవారు. 1774లో వచ్చిన జీవిత బీమా చట్టం దాన్ని అడ్డుకుంది. సంబంధం లేని వ్యక్తి ప్రాణం మీద తీసుకున్న పాలసీ చెల్లదని ప్రకటించింది. పరీక్షలో దీని మీద తరచుగా వచ్చే ప్రశ్న సమయానికి సంబంధించినది: జీవిత బీమాలో ఆ సంబంధం పాలసీ తీసుకునే నాటికి ఉంటే చాలు, మరణం నాటికి ఉండనవసరం లేదు. క్లెయిమ్ వైపు నుంచి చూస్తే ఈ సమాధానం వెనుక మనుషులు కనిపిస్తారు. వ్యాపారంలో భాగస్వాములుగా ఉన్నప్పుడు ఒకరి మీద ఒకరు పాలసీలు తీసుకున్న ఇద్దరు ఆ తరువాత విడిపోయారనుకోండి. ప్రీమియం కడుతూ వచ్చిన వ్యక్తి పాలసీ, భాగస్వామ్యం ముగిసిందన్న కారణంతో మాత్రమే రద్దయిపోదు. వైవాహిక బంధం తెగిన జంటలకు కొన్ని చోట్ల లబ్ధిదారు పేరు విషయంలో ప్రత్యేక చట్టాలున్నాయి కనుక, విడాకుల తరువాత పాలసీ కాగితాలను ఒకసారి తీయించి చూడమని చెప్పడం ఏజెంట్ పని.

రెండోది, నా దృష్టిలో ఈ చదువు మొత్తానికీ గుండెకాయ వంటిది, పరస్పర విశ్వాస సూత్రం. బీమా కోరే వ్యక్తి తనకు తెలిసిన ముఖ్యమైన విషయాలను దాచకూడదని పుస్తకం చెబుతుంది. దానికి ఆధారంగా 1766 నాటి కార్టర్ వర్సెస్ బోమ్ తీర్పును చూపుతుంది. సుమత్రా దీవిలోని మార్ల్‌బరో కోటను శత్రువులు పట్టుకుంటే పరిహారం ఇవ్వాలంటూ దాని గవర్నరు కార్టర్ తీసుకున్న పాలసీ గురించిన వివాదమది. ఫ్రెంచివారు 1760లో కోటను పట్టుకున్నారు. కోట బలహీనత గురించి మాకు చెప్పలేదంటూ బీమా ఇచ్చిన వ్యక్తి చెల్లించడానికి నిరాకరించాడు. న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఆ తీర్పులో విశ్వాస సూత్రాన్ని స్పష్టంగా ప్రతిపాదించాడు. చాలామంది విద్యార్థులు అక్కడితో పేజీ తిప్పేస్తారు. ఆ కేసులో గెలిచింది గవర్నరే. కోట పరిస్థితి, యుద్ధ వాతావరణం బీమా ఇచ్చిన వ్యక్తి తెలుసుకోగలిగినవే కనుక, అన్నీ తెలిసి ప్రీమియం పుచ్చుకుని ఆపైన తెలియదనడం కుదరదని తేలింది. విశ్వాసం రెండు వైపులా ఉండాలన్న మాటను ఆ తీర్పే చెప్పిందన్నమాట. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి ప్రతిపాదన పత్రాన్ని నేను చూసే తీరు మారింది.

ప్రతిపాదన పత్రం గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తిరస్కరణకు గురయ్యే క్లెయిమ్‌లకు విత్తనం పడేది తరచుగా ఇక్కడే. పత్రంలో వరుసగా ప్రశ్నలుంటాయి: పొగతాగే అలవాటుందా, మధుమేహం, రక్తపోటు ఉన్నాయా, గత కొన్నేళ్లలో ఏ వైద్యుడినైనా సంప్రదించారా, ఎప్పుడైనా మరో కంపెనీ బీమాను తిరస్కరించిందా. తొందరలో ఉన్న ఏజెంట్ ‘ఏమీ లేవు కదండీ’ అంటూ తానే అన్నింటికీ ‘లేదు’ అని గుర్తుపెట్టి సంతకం చేయించుకుంటే, ఎదుటి మనిషి అబద్ధం చెప్పకుండానే అబద్ధపు పత్రం మీద సంతకం చేసినట్టవుతుంది. మరికొందరు ‘చిన్న బీపీయే, రాయక్కర్లేదు’ అంటారు. వారికి తెలిసిన విషయం కంపెనీకి తెలిసినట్టేనన్న సూత్రం ఇక్కడ కుటుంబానికి కొంత అండగా నిలుస్తుంది కానీ, ఆ మాట ఏజెంట్‌తో చెప్పామని నిరూపించే భారం సాధారణంగా దుఃఖంలో ఉన్న భార్య మీదో, కొడుకు మీదో పడుతుంది. అప్పటికి మాట చెప్పిన మనిషి ఉండడు.

అందుకని ప్రశ్నను పత్రంలో ఉన్నది ఉన్నట్టుగా చదివి వినిపించాలి. ఆ మనిషి చెప్పిన జవాబును ఆయన మాటల్లోనే రాయాలి. వాడుతున్న మందుల పేర్లు అడగడం ఇంకా మంచిది. జబ్బులేమైనా ఉన్నాయా అంటే లేవని చెప్పేవారే, రోజూ వేసుకునే మాత్ర ఏమైనా ఉందా అంటే పేరుతో సహా చెబుతారు. మాత్రతో అదుపులో ఉన్నదాన్ని జబ్బుగా వారు లెక్కించరు. అబద్ధమాడే ఉద్దేశం వారికి ఉండదు. ఇలాంటి చోట నేర్పుగా అడగడం ఏజెంట్ బాధ్యత. ఏజెంట్‌ను తొలి అండర్‌రైటర్ (బీమా ఇవ్వాలో వద్దో, ఏ ప్రీమియానికో తేల్చే వ్యక్తి) అని పుస్తకాలు అనడానికి కారణం కూడా ఇదే.

దీనికి తోడుగా చదవవలసిన నిబంధన వివాదాతీత నిబంధన. పాలసీ కొంతకాలం అమలులో ఉన్న తరువాత ప్రతిపాదన పత్రంలోని తప్పులను చూపి కంపెనీ దాన్ని ప్రశ్నించకూడదని ఇది చెబుతుంది. అమెరికా రాష్ట్రాలలో ఆ గడువు సాధారణంగా 2 ఏళ్లు. భారతదేశంలో బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం 3 ఏళ్లు, ఆ తరువాత మోసం పేరుతో కూడా జీవిత బీమా పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు. బ్రిటన్ మరో దారిలో వెళ్లి, 2012లో చేసిన చట్టంతో వినియోగదారుడు అన్నీ తనంతట తానే వెల్లడించాలన్న పాత భారాన్ని తీసేసి, అడిగినదానికి తగినంత జాగ్రత్తగా సరైన జవాబు చెబితే చాలన్నది. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివితే సమస్య ఒకటే అనిపిస్తుంది: దాచినవారిని శిక్షించాలి, దాచని కుటుంబాన్ని ఏళ్ల తరబడి అనుమానించకూడదు. వయస్సు తప్పుగా రాసిన సందర్భానికి మాత్రం నియమం సాధారణంగా వేరు. అక్కడ పాలసీని రద్దు చేయకుండా, కట్టిన ప్రీమియానికి అసలు వయస్సు ప్రకారం ఎంత బీమా వచ్చి ఉండేదో అంతే చెల్లిస్తారు. పరీక్షలో ఈ తేడా మీద ప్రశ్న రావడానికి అవకాశం ఎక్కువ.

ప్రీమియం లెక్క గురించిన అధ్యాయం చిన్నదే అయినా దాటవేయకూడదు. 1693లో ఎడ్మండ్ హేలీ, బ్రెస్లావ్ నగరపు జనన మరణాల వివరాల ఆధారంగా ఏ వయస్సువారిలో ఎందరు మిగులుతారో చూపే పట్టికను ప్రచురించాడు. తోకచుక్కకు పేరిచ్చిన హేలీయే ఈయన. 1762లో లండన్‌లో మొదలైన ఈక్విటబుల్ సొసైటీ వయస్సును బట్టి గణితం ప్రకారం ప్రీమియం నిర్ణయించి, దాన్ని ఏటా పెంచకుండా ఒకే మొత్తంగా వసూలు చేసే పద్ధతిని నిలబెట్టింది. మరణించే అవకాశం వయస్సుతో పెరుగుతుంది, ప్రీమియం మాత్రం పెరగదు. అంటే మొదటి ఏళ్లలో అవసరమైనదానికన్నా ఎక్కువ కడుతున్నారు, ఆ మిగులు తరువాతి ఏళ్ల కోసం నిధిగా నిలుస్తుంది. జీవితాంతం సాగే పాలసీలకు, మధ్యలో మానేస్తే తిరిగి వచ్చే సరెండర్ విలువ ఎక్కడి నుంచి వస్తుందో ఇది అర్థమైనవారు చెప్పగలరు. అది కంపెనీ ఇచ్చే కానుక కాదని కొనేవారికి వివరించగలరు కూడా.

పాలసీల రకాలను నేను వేగంగానే చదివాను. నిర్ణీత కాలానికి మాత్రమే రక్షణనిచ్చే టర్మ్ పాలసీ, జీవితాంతం ఉండే హోల్ లైఫ్, గడువు తీరాక బతికి ఉన్నా డబ్బు వచ్చే ఎండోమెంట్, మార్కెట్‌తో ముడిపడినవి; వీటి లక్షణాలను ఒక పట్టికలో రాసుకుంటే సరిపోతుంది. వాటికన్నా ఎక్కువ సమయం నిబంధనల భాషకు ఇవ్వాలి. ఇప్పటివరకు తెలిసిన జీవిత బీమా పాలసీలలో అతి పాతదానిగా చెప్పుకునేది 1583లో లండన్‌లో విలియం గిబ్బన్స్ అనే వ్యక్తి ప్రాణం మీద 12 నెలల కాలానికి తీసుకున్నది. ఆయన ఏడాది నిండకముందే మరణించాడు. బీమా ఇచ్చినవారు నెల అంటే 28 రోజులని, ఆ లెక్కన 12 నెలలు ముందే ముగిశాయని వాదించారు. కోర్టు ఒప్పుకోక, క్యాలెండరు నెలలనే లెక్కలోకి తీసుకుని చెల్లించమన్నది. ఒప్పందం రాసినవారి మాటలో అస్పష్టత ఉంటే దాన్ని రెండో పక్షానికి అనుకూలంగా అన్వయించాలన్న సూత్రం నేటికీ బీమా చట్టంలో నిలిచి ఉంది. దీన్ని కోర్టుకు వెళ్లే రోజు కోసం కాకుండా, పాలసీ పత్రంలోని నిర్వచనాలను మనమే ముందు చదవడానికి హెచ్చరికగా తీసుకోవాలి.

గ్రేస్ పీరియడ్‌ను కూడా ఇలాగే చూడాలి. ప్రీమియం గడువు దాటినా ఆ అదనపు రోజుల్లో పాలసీ సజీవంగానే ఉంటుంది. ఆ రోజుల్లో మరణం సంభవిస్తే బకాయి ప్రీమియం మినహాయించుకుని మొత్తం చెల్లిస్తారు. కట్టడం మరచిన ఇంట్లోవారు పాలసీ పోయిందనుకుని క్లెయిమే పెట్టకపోయే ప్రమాదం ఉంది. లబ్ధిదారుల అధ్యాయంలో మూడు సంగతులు పట్టుకుంటే చాలు: మొదటి లబ్ధిదారు ముందే మరణిస్తే ఎవరికి చెందాలో రాసి ఉండాలి, చిన్నపిల్లల పేరు రాసినప్పుడు వారి తరఫున తీసుకునే పెద్దవారి పేరు కూడా ఉండాలి, పెళ్లి, పిల్లలు, విడాకులు వంటి మార్పు వచ్చిన ప్రతిసారీ ఆ పేర్లను తిరిగి చూసుకోవాలి.

ఆరోగ్య బీమా స్వభావమే వేరు. జీవిత బీమాలో క్లెయిమ్ ఒకసారి వస్తుంది, ఇచ్చే మొత్తం ముందే నిశ్చయమై ఉంటుంది, రెండు మూడు కంపెనీల పాలసీలు ఉంటే అన్నీ చెల్లిస్తాయి. ఆసుపత్రి ఖర్చును భరించే పాలసీలో క్లెయిమ్ ఎన్నిసార్లైనా రావచ్చు, ఖర్చు ఎంతో ముందు తెలియదు, రెండు పాలసీలున్నా ఖర్చుకు మించి లాభం రాకూడదు. నష్టానికి మించి పరిహారం లేదన్న సూత్రం ఇక్కడ పనిచేస్తుంది. క్యాన్సర్, గుండెపోటు వంటి తీవ్ర వ్యాధులకు ఒకేసారి నిర్ణీత మొత్తం ఇచ్చే పాలసీలు మధ్యస్థమైనవి. వాటిలో డబ్బు వచ్చేదీ రానిదీ ఖర్చును బట్టి ఉండదు, వ్యాధికి పాలసీ ఇచ్చిన నిర్వచనాన్ని బట్టి ఉంటుంది. వైద్యుడు గుండెపోటు అని రాసినంత మాత్రాన చాలదు. ఆ నిర్వచనంలో కోరిన రక్తపరీక్ష, ఈసీజీ ఆధారాలు ఉండాలి. నిర్ధారణ తరువాత కొన్ని రోజులు జీవించి ఉండాలన్న షరతు కూడా అనేక పాలసీలలో ఉంటుంది.

పరీక్షలోనూ జీవితంలోనూ తడబడే చోటు లెక్క. ఆసుపత్రి బిల్లు 1,00,000 అనుకుందాం. అందులో 5,000 పాలసీ చెల్లించని వస్తువులకు పోతే 95,000 మిగులుతుంది. మొదటి 20,000 పాలసీదారే భరించాలన్న డిడక్టిబుల్ ఉంటే 75,000. ఆపైన మిగిలినదాంట్లో పాలసీదారు పంచుకోవాల్సిన 20 శాతం కో-పేమెంట్ అంటే మరో 15,000. కంపెనీ ఇచ్చేది 60,000, ఇంటివారు కట్టేది 40,000. పాలసీ కొనేటప్పుడు ‘20 శాతం మీరు కట్టాలి’ అన్న మాట ఒక్కటే విన్న మనిషి 20,000 తెచ్చుకుని ఆసుపత్రికి వస్తాడు. ఏ అంకెను ముందు తీసేయాలి, ఏది తరువాత అన్నది పాలసీని బట్టి మారుతుంది కాబట్టి ఆ వరుసను పత్రంలో చూసి తెలుసుకోవాలి. గది అద్దెకు పరిమితి ఉన్న పాలసీలలో ఇంకో చిక్కు ఉంది. పరిమితికి రెట్టింపు అద్దె ఉన్న గదిలో చేరితే, అద్దెలోని తేడా మాత్రమే కాక, గది స్థాయితో ముడిపడిన ఇతర ఖర్చుల్లో కూడా అదే నిష్పత్తిలో కోత పడవచ్చు. అమ్మే ముందు కాగితం తీసి, ఇలాంటి ఒక బిల్లును కొనేవారి ఎదుటే లెక్కగట్టి చూపడం ప్రతి ఏజెంట్‌కూ తప్పనిసరి కావాలని నా కోరిక.

పాలసీ తీసుకున్నాక కొన్ని జబ్బులకు కొంతకాలం డబ్బు ఇవ్వని వెయిటింగ్ పీరియడ్ గురించి చదివేటప్పుడు చాలామందికి కంపెనీ మీద కోపం వస్తుంది, నాకూ వచ్చింది. జబ్బు ఉందని తెలిసిన తరువాతనే అందరూ బీమా కొనడం మొదలుపెడితే ప్రీమియం పెరుగుతుంది, పెరిగే కొద్దీ ఆరోగ్యవంతులు తప్పుకుంటారు, చివరికి రోగులు మాత్రమే మిగిలి నిధి ఖాళీ అవుతుంది. దీన్ని అడ్డుకోవడానికి ఒక్కో దేశం ఒక్కో మార్గం ఎంచుకుంది. భారతదేశంలో ముందునుంచి ఉన్న జబ్బులకు కంపెనీలు పెట్టగలిగే నిరీక్షణకు 2024 నుంచి 36 నెలల గరిష్ఠ పరిమితి ఉంది. అమెరికాలో సమగ్ర ఆరోగ్య బీమా పాలసీలలో 2014 నుంచి అలాంటి మినహాయింపులే నిషిద్ధం. బదులుగా నమోదు చేసుకోవడానికి ఏడాదిలో నిర్ణీత గడువు పెట్టారు. కారణం తెలిసిన ఏజెంట్ ఈ షరతును దాచడు, ముందే చెబుతాడు. చెప్పకుండా అమ్మిన పాలసీ మొదటి ఏడాదిలోనే అతని మాటకు విలువ లేకుండా చేస్తుంది.

వృత్తి నీతి అధ్యాయాన్ని చివర్లో పెట్టడం పాఠ్యపుస్తకాల అలవాటు. అక్కడి నిషేధాలు ఊహించి రాసినవి కావు, జరిగినదాన్ని చూసి రాసినవి. 1905లో న్యూయార్క్ శాసనసభ నియమించిన ఆర్మ్‌స్ట్రాంగ్ కమిటీ పెద్ద జీవిత బీమా కంపెనీల వ్యవహారాలను విచారించింది. కమిటీ న్యాయవాదిగా చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ వ్యవహరించాడు. పాలసీదారుల సొమ్ము దుర్వినియోగం, హద్దులేని అమ్మకపు ఖర్చులు బయటపడటంతో మరుసటి ఏడాదే కఠినమైన చట్టాలు వచ్చాయి. కమిషన్‌లో వాటా ఇచ్చి పాలసీ కొనిపించడం అనేక చోట్ల నేరం. భారతదేశంలో బీమా చట్టం 41వ సెక్షన్ దాన్ని నిషేధిస్తుంది. పాలసీదారు ఇచ్చిన ప్రీమియాన్ని సొంత డబ్బుతో కలపకూడదు, ఒక్కరోజు వాడుకున్నా అది వాడుకోవడమే.

వీటన్నింటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పాత పాలసీని మాన్పించి కొత్తది అంటగట్టడం. కొత్త పాలసీ మీద మొదటి ఏడాది కమిషన్ ఎక్కువగా ఉండే పద్ధతిలో ఈ ప్రలోభం ఎప్పుడూ ఉంటుంది. కొనేవారికి కలిగే నష్టాలు మాత్రం వెంటనే కంటికి కనిపించవు. వయస్సు పెరిగింది కనుక ప్రీమియం పెరుగుతుంది. ఈ మధ్యలో వచ్చిన జబ్బు కొత్త పత్రంలో రాయాల్సి వస్తుంది. పాత పాలసీలో ముగిసిపోయిన వివాద గడువు, ఆత్మహత్య జరిగితే చెల్లించరన్న నిబంధన గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కలోకి వస్తాయి. మొదటి ఏళ్లలో సరెండర్ చేస్తే కట్టినదాంట్లో చాలా భాగం పోతుంది. మార్చడమే మేలైన సందర్భాలు కూడా ఉంటాయి. అప్పుడు కూడా రెండు పాలసీల అంకెలూ ఒకే కాగితం మీద రాసి చూపాలి, కొత్త పాలసీ అమలులోకి వచ్చేదాకా పాతదాన్ని ఆపవద్దని చెప్పాలి. ఇది పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. ఒక కుటుంబానికి మాత్రం, ఆ నడిమి రోజుల్లో ఏదైనా జరిగితే, ఉన్న ఆధారమంతా ఇదే.

ఇక పరీక్ష రాసే విధానం. ప్రశ్నలో ‘తప్ప’, ‘కానిది’, ‘అన్నింటికన్నా సరైనది’ అన్న మాటలను ముందుగా గుర్తించాలి. తెలిసిన విషయంలోనే మార్కు పోయేది అక్కడ. జీవిత బీమాకు వర్తించే నియమం ఆరోగ్య బీమాకు వర్తించదన్న తేడా మీద ప్రశ్నలు ఉంటాయి కనుక రెండింటినీ పక్కపక్కనే చదవాలి. అన్నింటికన్నా నాకు ఉపయోగపడింది ఒక జీవిత బీమా పాలసీ పత్రాన్నీ, ఒక ఆరోగ్య బీమా పాలసీ పత్రాన్నీ మొదటి నుంచి చివరి దాకా చదవడం. పాఠ్యపుస్తకంలో ముక్కలుగా కనిపించిన నిబంధనలు అక్కడ ఒకదాన్నొకటి ఎలా పట్టి ఉంచుతాయో అర్థమవుతుంది. ఇచ్చిన రక్షణను మినహాయింపు ఎలా తగ్గిస్తుందో, ఆ మినహాయింపుకు ఉన్న మినహాయింపు దాన్ని తిరిగి ఎలా ఇస్తుందో పత్రం చదివితేనే తెలుస్తుంది.

లైసెన్స్ వచ్చాక ఎదురయ్యే మొదటి ఒత్తిడి బంధువుల జాబితా. కొత్త ఏజెంట్ చేత మొదట తనవారికే అమ్మించడం ఈ రంగంలో విస్తారంగా ఉన్న అలవాటు. తనవారికి అమ్మడం తప్పు కాదు. అయితే మొహమాటంతో కొన్న పాలసీ రెండో ఏటికి ఆగిపోతుంది, అప్పుడు వారి డబ్బూ పోతుంది, రక్షణా పోతుంది. ఎవరైనా సరే, ఆదాయం మీద ఆధారపడినవారు ఎందరు, అప్పు ఎంత, పిల్లల చదువు ఎన్నేళ్లు, ఇప్పటికే ఉన్న పాలసీలేమిటి అని అడిగి రాసుకున్న తరువాతనే అంకె గురించి మాట్లాడాలి. రాబోయే సంవత్సరాల ఆదాయాన్ని లెక్కించి మనిషి ఆర్థిక విలువ కట్టే పద్ధతిని 1920లలో అమెరికాలో బీమా ఆచార్యుడైన సోలమన్ హ్యూబ్నర్ ప్రచారంలోకి తెచ్చాడు. నిజమైన అవసరాలను ఒక్కొక్కటిగా కూడే పద్ధతి మరొకటి. నేను రెండూ వేసి చూస్తాను, తేడా ఎక్కువగా వచ్చినచోట ఎందుకు వచ్చిందో కొనేవారితో కూర్చుని చర్చిస్తాను.

పాలసీ జారీ అయిన తరువాత వచ్చే ఫ్రీ లుక్ గడువు చాలామంది ఏజెంట్లకు గండం లాంటిది, ఎందుకంటే ఆ రోజుల్లో కొనేవారు పాలసీని వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. భారతదేశంలో ఇప్పుడది 30 రోజులు, అమెరికా రాష్ట్రాలలో చాలాచోట్ల కనీసం 10 రోజులు. పాలసీ పత్రాన్ని చేతికిచ్చి వచ్చేయకుండా, ఆ గడువులోనే వారి ఇంట్లో కూర్చుని దానికి జతచేసిన ప్రతిపాదన పత్రం నకలును తెరిచి, ప్రతి ప్రశ్నా జవాబూ మళ్లీ చదివి వినిపించడాన్ని నేను పద్ధతిగా పెట్టుకున్నాను. నామినీ పేరు, పుట్టిన తేదీ, మందుల వివరాలు, పొగతాగే అలవాటు గురించిన జవాబు, ఈ నాలుగింటి దగ్గర మరింత నెమ్మదిగా చదువుతాను. ఎక్కడైనా జవాబు అసలు సంగతికి భిన్నంగా కనిపిస్తే, ప్రీమియం పెరిగినా, పాలసీయే ఆగిపోయినా సరే, సరిదిద్దమని కోరుతూ వారి సంతకంతో అదే రోజున కంపెనీకి లేఖ పంపించి, చేరినట్టు వచ్చిన రసీదు నకలును పాలసీతోపాటే దాచుకోమని వారికి ఇస్తాను.